ఆ ఫ్రెండ్ ఎవరండీ?

మందుల షాపులో గుండె మాత్ర అడిగే పెద్దమనిషి గొంతు వీధి చివరికి వినబడుతుంది: "సార్బిట్రేట్ ఐదు, రెండు స్ట్రిప్పులివ్వవోయ్!" ఆ తర్వాత మిగతావాళ్లు వెళ్లేదాకా దగ్గు మందు డబ్బా మీది అక్షరాలన్నీ చదివి, కౌంటర్ మీదికి వంగి, "అదీ... మా ఫ్రెండ్‌కి" అంటాడు. ఆ ఫ్రెండ్ రెండు రాష్ట్రాలకూ కలిపి ఒక్కడే అనుకుంటా, పాపం, తీరిక లేదు. కుర్రాడు సిల్డెనాఫిల్ 100, అదే వయాగ్రాలోని మందు, తీసి, పాత పేపర్లో చుట్టి ఇస్తాడు. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందు, అయినా చీటీ అడగడు, బిల్లు ఇవ్వడు. రెండూ ఒకే సంచిలో పడతాయి. పరువు భద్రం.

రసాయనానికి మొహమాటం లేదు. సార్బిట్రేట్ లాంటి నైట్రేట్లు రక్తనాళాల గోడల్లో సీజీఎంపీ అనే పదార్థాన్ని పెంచి నాళాల్ని వదులు చేస్తాయి. సిల్డెనాఫిల్, అదే కోవకు చెందిన తడలాఫిల్ ఆ సీజీఎంపీని విరగ్గొట్టే ఎంజైమును ఆపేస్తాయి. రెండూ కలిస్తే కుళాయి తిప్పి తూము మూసినట్టు. బీపీ పాతాళానికి జారుతుంది, గుండెకే రక్తం అందదు. సిల్డెనాఫిల్ వేసుకున్నాక కనీసం 24 గంటలు, తడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ తగలకూడదు. రోజూ మోనోట్రేట్ లాంటి నైట్రేట్ వాడేవాళ్లకు ఈ గంటల లెక్కే లేదు, సిల్డెనాఫిల్, తడలాఫిల్ అసలు వద్దు. గుండెనొప్పికి ఇచ్చే నికోరాండిల్ వాడినా అంతే. గోడల మీది "వట్టి మూలికలే" క్యాప్సూళ్లలోనూ ల్యాబ్‌లో సిల్డెనాఫిల్ బయటపడిన సందర్భాలున్నాయి.

ఇక క్యాజువాలిటీ. ఛాతీ పట్టుకున్న ఆ పెద్దాయన చుట్టూ భార్య, కోడలు, వియ్యంకుడు. "వేరే మందులేమైనా వాడారా?" డ్యూటీ డాక్టరు కేక. "అబ్బే, త్రిఫల చూర్ణం." వియ్యంకుడు మెచ్చుకోలుగా తలూపుతాడు. నర్సు సార్బిట్రేట్ నాలుక కింద పెడుతుంది.

అడిగే పద్ధతి అదా? బంధువుల్ని తెర అవతలికి పంపి, "ఈ రెండ్రోజుల్లో వయాగ్రా లాంటిది వేసుకున్నారా?" అని పేరు పెట్టి అడగడానికి అర నిమిషం చాలదూ? నైట్రేట్లు వాడని, జబ్బు అదుపులో ఉన్న గుండె రోగికి పరీక్షించి ఇదే మాత్ర రాయొచ్చు. ఆ మాట చెప్పరు సరికదా, నోరు తెరిచి అడిగినవాణ్ణి "ఈ వయసులోనా?" అని నవ్వుతారు. సిగ్గు లేకపోతే సరి! ఆ నవ్వే మనిషిని దొంగచాటు కొనుగోలుకు తోస్తోంది.

సార్బిట్రేటూ, వయాగ్రా లాంటిదీ రెండూ పడ్డాయా? పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టండి. ఇంకో సార్బిట్రేట్ ఇవ్వకండి. 108కి ఫోన్ చేసి మాత్ర పేరు, వేసుకున్న టైము చెప్పండి. విరుగుడు మందు లేదు, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి బీపీ నిలబెట్టాల్సిందే. వియ్యంకుడు వింటే విననివ్వండి.