డబ్బా ఉంది, నెట్ లేదు

పోయిన నెల మా అక్క కొడుకు హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసుకుందామని బస్టాండ్‌కు పోయాడు. ఏ బస్టాండో చెప్పను, ఒక్కదాని పేరు చెప్తే మిగతావన్నీ బాగున్నాయనుకుంటారు. పోల్ మీద తెల్ల డబ్బా, కింద ఉచిత వైఫై అని బోర్డు. ఫోన్‌లో గీతలు నిండుగా ఉన్నాయి. నొక్కితే పేజీ తెరుచుకుంది, నంబర్ అడిగింది, ఓటీపీ పంపించామంది. ఓటీపీ రాలేదు. ఎందుకొస్తుంది? వాడి రీచార్జ్ అయిపోయి చాలా రోజులైంది, మెసేజ్‌లు కూడా ఆగిపోయాయి. అంటే రీచార్జ్ చేయించుకున్నోడికే ఫ్రీ నెట్. రీచార్జ్ ఉన్నోడు బస్టాండ్‌లో పోల్ కింద ఎందుకు నిలబడతాడు?

పక్కన కూర్చున్న పిల్లాడి నంబర్ కొట్టి ఎలాగో లోపలికి పోయాడట. అక్కడి నుంచి చక్రం తిరుగుతూనే ఉంది. చివరికి జిరాక్స్ షాపులో ఇరవై రూపాయలిచ్చి ప్రింట్ తీయించుకున్నాడు. ఇంటికొచ్చి "మామా, గీతలైతే ఫుల్లున్నయ్, నెట్టే రాలే" అన్నాడు.

అసలు సంగతంతా ఆ మాటలోనే ఉంది. ఆ గీతలు చెప్పేది మన ఫోన్‌కూ ఆ డబ్బాకూ మధ్య సిగ్నల్ గురించి మాత్రమే. డబ్బా వెనక తీగ ఉందా, ఉంటే ఎంత లావుది, ఒకేసారి ఎంతమంది దాని మీద పడ్డారు అనేవి గీతలు చెప్పవు. నల్లా తళతళ మెరిస్తే ఏం లాభం, పైపులో నీళ్లుండాలి కదా! మిషన్ భగీరథ తాగునీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చే టీ-ఫైబర్ కేబుల్ కూడా వేద్దామని మన రాష్ట్రంలో ఆలోచన చేశారు. నాకది ఎప్పుడూ తెలివైన ఆలోచనగానే అనిపిస్తుంది. కానీ కందకంలో కేబుల్ ఎవరికీ కనపడదు. రిబ్బన్ కట్ చేయాలంటే పోల్ మీద డబ్బానే కావాలి.

వరంగల్‌ను 2016లో స్మార్ట్ సిటీగా ఎంపిక చేసినప్పటి నుంచి "సిటీ మొత్తం వైఫై" అనే మాట ఎక్కడో ఒక చోట చెవిన పడుతూనే ఉంది. సిటీ మొత్తం అంటే ఎంతో తెలుసా? చుట్టుపక్కల ఊళ్లు కలిశాక గ్రేటర్ వరంగల్ 400 చదరపు కిలోమీటర్లు దాటింది. అమెరికాలో ఫిలడెల్ఫియా ఇంతకన్నా చిన్నది, 350 చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది. వాళ్లు 2004లోనే ఊరంతా వైఫై అన్నారు. ఎర్త్‌లింక్ అనే కంపెనీ తన డబ్బుతో కడతానంది. వీధి దీపాల స్తంభాలకు డబ్బాలు కట్టుకుంటూ పోయారు. తీరా చూస్తే సిగ్నల్ ఇటుక గోడ దాటి ఇంట్లోకి సరిగ్గా రాదు, చేరినవాళ్లు తక్కువ, ఖర్చు ఎక్కువ. 2008లో కంపెనీ చేతులెత్తేసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో గూగుల్‌తో కలిసి వేసిన ప్లాన్ మొదలవకముందే 2007లో ఆగిపోయింది. అంత డబ్బున్న ఊళ్లకే చేతకాని పనిని మనం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం దేనికి?

వైఫై డబ్బా బయట పెడితే నికరంగా వంద మీటర్లు పోతే గొప్ప. మధ్యలో వేపచెట్టు అడ్డం ఉంటే అదీ ఉండదు, ఆకుల్లో ఉండే తడి ఆ సిగ్నల్‌ను మింగేస్తుంది. ఇక మన హన్మకొండ కోతుల సంగతి నేను వేరే చెప్పాలా, కేబుల్ కనపడితే ఊయలే.

"డేటా ఇంత చవకైంది, ఇంకా వైఫై ఎందుకు" అని అడిగేవాళ్లు ఉంటారు. నిజమే, 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక లెక్కలన్నీ మారిపోయాయి. అందుకే నడిచే మనిషికి వైఫై అక్కర్లేదంటాను. కూర్చునే మనిషికి కావాలి. లైబ్రరీలో టిఫిన్ బాక్స్ పక్కన పెట్టుకుని పొద్దున ఎనిమిది నుంచి రాత్రి దాకా గ్రూప్స్‌కు చదివే పిల్లలున్నారు. వాళ్ల రోజువారీ ఒకటిన్నర జీబీ రెండు వీడియో క్లాసులకే అయిపోతుంది. ఎంజీఎం ఆసుపత్రిలో మంచం పక్కన రాత్రంతా ఉండే బంధువులు, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల మీద కూర్చుని ధర చూసుకునే రైతులు, హాస్టళ్లు. ఇట్లాంటివి ముప్పై చోట్లు ఎంచుకుని ఒక్కోదానికి లావుపాటి ఫైబర్ ఇవ్వండి చాలు. మిగతా 400 కిలోమీటర్లూ మాకొద్దు.

రైల్వే స్టేషన్లలో ఈ పని నడిచింది కదా. 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో గూగుల్‌తో మొదలైంది. 2020లో గూగుల్ తప్పుకుంది, అయినా వైఫై ఆగలేదు. ఎందుకంటే పట్టాల వెంట ఫైబర్ రైల్వే వాళ్ల టెలికాం కంపెనీ రైల్‌టెల్‌ది, చూసుకునే మనుషులూ వాళ్లవాళ్లే. తీగ సొంతమైతే ఎవరు వెళ్లిపోయినా పని ఆగదు.

2020 డిసెంబర్‌లో కేంద్రం పీఎం-వాణి తెచ్చింది. కిరాణా కొట్టు, చాయ్ హోటల్ ఎవరైనా లైసెన్స్ లేకుండానే ఇలాంటి కొట్లన్నిటినీ కలిపి నడిపే ఒక అగ్రిగేటర్ కంపెనీ ద్వారా వైఫై పెట్టుకుని అమ్ముకోవచ్చు. ఇదేదో బాగుందే అని మా గల్లీ చివర చాయ్ హోటల్ అన్నను అడిగాను. ఆయన ఏటా ఎండాకాలం హోటల్ ముందు రెండు రంజన్లు పెడతాడు. చలివేంద్రాలు మనకు తెలియనివా, మొదటిరోజు ఫొటోలు, వారానికి రంజన్ ఖాళీ, గ్లాసు మాయం. ఈయనవి మాత్రం జూన్ దాకా నిండుగా ఉంటాయి, పైన తడిగుడ్డ కూడా ఆరదు.

చాయ్ వడపోస్తూ అంతా విన్నాడు.

"పెడ్తగని అన్నా, రంజన్ల నీళ్లు అయిపోతే మంది నన్నడుగుతరు, నేను పోసుకుంట. ఈ నెట్ బందైతే నేనెవర్నడగాలె? నంబరేమన్న ఉన్నదా?"

నా ఫోన్‌లో ఆ బస్టాండ్ బోర్డు ఫొటో ఉంది, మేనల్లుడు పంపించాడు. తీసి చూశాను. ఉచిత వైఫై అన్న పెద్ద అక్షరాల కింద ప్రారంభించినవాళ్ల పేర్లు వరసగా ఉన్నాయి. నంబర్ లేదు.