అయిదు స్టార్ల పసుపు పూల బాట

పోయిన దసరా సెలవుల్లో నేను చేసిన తప్పు ఒక్కటే. అనంతగిరి కొండల అంచున ఒక బండి బాటలో సైకిలు తొక్కాను. తొక్కి ఊరుకుంటే బాగుండేది. ఆ బాట గురించి రాశాను.

రాయడం నాకు కొత్తేమీ కాదు. నలభై ఆరో ఏట డాక్టరుగారు "కాస్త ఒళ్ళు కదల్చండి" అన్నారని మౌంటెన్ బైక్ కొన్నాను. దాని ఖరీదు విని మా ఆవిడ, "కదలడానికే ఇంతయితే పరిగెత్తడానికి ఎంతవుతుందో" అంది. అసలు ఖరీదు కాదు, నేను చెప్పిన ఖరీదు విని. అప్పటినుంచీ పెట్టిన డబ్బుకు న్యాయం చెయ్యాలని హైదరాబాదు చుట్టుపక్కల మట్టిదారి కనిపిస్తే చాలు, సైకిలు దింపేసేవాణ్ణి. గంట తొక్కేవాణ్ణి, రెండు గంటలు రాసేవాణ్ణి. ఎత్తు, పల్లం, నీడ, నీళ్ళు, అందం, ఒక్కోదానికి అయిదుకి ఇన్ని స్టార్లని వేసి మా సైకిలు బృందానికి పంపేవాణ్ణి.

బాట ఎంత కష్టమో చెప్పడానికి ఆకుపచ్చ, నీలం, నలుపు అని రంగులుంటాయి. మంచు కొండల మీద జారే వాళ్ళు పెట్టుకున్న రంగులవి. వికారాబాదులో మంచు అంటే సోడాబండి మీద గోనెపట్టాలో చుట్టిన గడ్డ ఒక్కటే. అయినా నేను ఆ రంగులే వాడేవాణ్ణి. వింటానికి బాగుంటాయి.

అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఈ ఆట చరిత్ర కూడా చెప్పేవాణ్ణి. కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ అని ఒక చోటుంది. 1976లో అక్కడి కుర్రాళ్ళు పాత సైకిళ్ళేసుకుని కొండ మీదినుంచి మట్టిదారిలో కిందికి పందేలు మొదలుపెట్టారు. ఆ దిగుడులో వెనక చక్రం బ్రేకు ఎంతగా కాలిపోయేదంటే లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతిసారీ మళ్ళీ గ్రీజు కూరుకోవలసి వచ్చేది. అందుకే ఆ పందేనికి రీప్యాక్ అని పేరు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి, 1996లో, ఇదే ఆట అట్లాంటా ఒలింపిక్స్‌లోకి ఎక్కింది. ఇన్ని తెలిసినవాడికి తెలియని విషయం ఒకటుంది. అక్కడికే వస్తున్నాను.

అనంతగిరి బాట గురించి నేను రాసింది ఇది: "రంగు: ఆకుపచ్చ. పిల్లలతో సహా రావచ్చు. నీడ: పుష్కలం, దారంతా టేకు చెట్లు. నీళ్ళు: మధ్యలో చీలమండ లోతు వాగు, చల్లగా ఉంటుంది, కాళ్ళు ముంచి కూర్చోవచ్చు. అందం: బాటకి రెండు పక్కలా నేల మీద పాకిన చిన్న చిన్న పసుపు పూలు. ఎవరో పసుపు చల్లి మనకు స్వాగతం చెప్పినట్టు ఉంటుంది. అయిదుకి అయిదు."

పసుపు చల్లడం దగ్గర నాకే ముచ్చటేసి మూడుసార్లు చదువుకున్నాను. మూసీ పుట్టింది ఈ కొండల్లోనే అని చివర్లో ఒక ముక్క కూడా తగిలించాను.

అది చదివి మా బృందం నోరూరించుకుంది. ఒకరికి పెళ్ళిళ్ళు, ఒకరికి పరీక్షలు, ఒకరికి మోకాలు. అలా వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి అందరికీ కుదిరిన ఆదివారం ఏప్రిల్ నెలాఖరున వచ్చింది.

మొత్తం ఏడుగురం. బ్యాంకులో మేనేజరుగా రిటైరైన పెద్దాయన, పళ్ళ డాక్టరుగారు, సాఫ్ట్‌వేర్ దంపతులు, వాళ్ళ పదకొండేళ్ళ అబ్బాయి, ఎప్పుడూ ముందు చక్రం గాల్లోకి లేపే కుర్రాడొకడు, నేను. ఆరింటికల్లా చక్రాలు కదలాలనుకున్నాం. దారిలో పెద్దాయన "వేడి ఇడ్లీ" బోర్డు చూశారు. ఏడుంబావుకి మొదలుపెట్టాం. ఏప్రిల్‌లో ఆ గంటంబావు తేడా ఎంతటిదో ఇడ్లీ తింటున్నప్పుడు తెలియదు.

మొదటి దెబ్బ నీడ కొట్టింది. టేకు చెట్లు ఎక్కడికీ పోలేదు, ఆకులే పోయాయి. వేసవిలో టేకు ఆకు రాల్చేస్తుందన్న సంగతి అయిదో తరగతి పిల్లలకి కూడా తెలుసు. నేను మాత్రం దసరాకి చూసిన చెట్టు ఉగాది దాటాక కూడా అలాగే ఉంటుందనుకున్నాను. చెట్టు మీద ఉండాల్సిన ఆకులన్నీ బాట మీద అప్పడాల్లా పరుచుకుని ఉన్నాయి. చక్రం కింద కరకరమంటుంటే పెద్దాయన, "శబ్దం బాగుందండీ, పెళ్ళిభోజనంలా ఉంది" అన్నారు. అప్పటికింకా మంచి మాటే అంటున్నారు.

తర్వాత వాగు. నీళ్ళు ఉండాల్సిన చోట ఇసుక ఉంది. పళ్ళ డాక్టరుగారు నా రివ్యూని నమ్మి, నీళ్ళలోకి దూకినట్టే హుషారుగా దిగారు. ముందు చక్రం ఇసుకలో కూరుకుపోయి ఆగింది. ఆవిడ ఆగలేదు. మెల్లగా, నిదానంగా హ్యాండిలు మీదుగా ముందుకి ఒరిగి ఇసుకలో కూర్చున్నారు. దెబ్బేమీ తగల్లేదు. "కాళ్ళు ముంచి కూర్చోవచ్చు అని రాశారు కదా" అన్నారు లేస్తూ. "ముంచాను."

తొమ్మిదయ్యేసరికి సీసాలో నీళ్ళు స్నానానికి సరిపోయేంత కాగాయి. అబ్బాయి అడిగాడు, "అంకుల్, పసుపు పూలెక్కడ?"

నిజమే. పూలు లేవు. ఎండిపోయిన తీగలు మాత్రం నేలకి కరుచుకుని ఉన్నాయి. నేను ఇంకా జవాబు వెతుక్కుంటుండగానే నా వెనక చక్రం బుస్సుమంది. అయ్యో అనుకుంటూ దిగేలోపు ముందుది కూడా అదే మాట అంది. వెనక సాఫ్ట్‌వేర్ దంపతులు ఒకేసారి దిగారు. వాళ్ళు ఏ పనైనా కలిసే చేస్తారు. కుర్రాడు చక్రం గాల్లోకి లేపి దింపాడు. దింపిన చోటే కూలబడింది.

పెద్దాయన ఒక్కరే నవ్వుతూ వచ్చారు. "అందుకే ట్యూబ్‌లెస్ వేయించుకోమన్నాను. ముల్లు దిగినా లోపలున్న ద్రవం దానంతటదే చిల్లు పూడ్చేస్తుంది." ఆ ద్రవం పోసింది ఎప్పుడని అడిగితే సంక్రాంతికి అన్నారు. కిందటి సంక్రాంతికి. మన ఎండలకి ఆ ద్రవం నెలల్లోనే ఎండిపోతుంది. ఆయన మాట పూర్తయ్యేలోపే టైరు పూర్తయింది. తర్వాత విప్పి చూస్తే లోపల గిన్నెకంటిన పాత మీగడలా నాలుగు పొరలున్నాయి, అంతే.

"అంకుల్, ఎనిమిది!" అన్నాడు అబ్బాయి. ఏమిటో అర్థం కాలేదు. చక్రాలు లెక్కపెడుతున్నాడు. "తొమ్మిది! డాక్టరాంటీది కూడా!"

ఏడు సైకిళ్ళు, పద్నాలుగు చక్రాలు, పదకొండు పంచర్లు. నా దగ్గర అతుకులు ఆరు. అతికించే సొల్యూషన్ ట్యూబు మూత తీస్తే లోపల గట్టిపడిన జిగురు ముద్ద. పిండితే గాలి వచ్చింది. ఆ ఉదయం మాకు ఉచితంగా దొరికిన గాలి అదొక్కటే.

అప్పుడు వచ్చాడు ఆయన. తలకి తువ్వాలు, భుజం మీద కర్ర, దూరంగా ఇంకో దారిన పోతున్న మేకల మంద. మమ్మల్ని, తలకిందులుగా పెట్టిన సైకిళ్ళని, హెల్మెట్లని, మోకాళ్ళ తొడుగుల్ని తీరిగ్గా చూశాడు.

"ఏమైంది సారూ, అందరు గిట్ల ఆగిన్రు?"

"పంచరయింది తాతా."

"గిన్ని సైకిళ్ళా?"

"అన్నీ."

గొంతుక్కూర్చుని నా టైరు మీద బొటనవేలు తిప్పాడు. గోటితో ఒకటి పీకి అరచేతిలో వేసి చూపించాడు. శనగగింజంత లేదు. దగ్గరగా చూస్తే రెండు పక్కలా కోరలు, పొట్టేలు తలకాయలాగా. నేల మీద ఎలా పడినా ఒక ముల్లు పైకి చూస్తూనే ఉంటుంది. దేవుడు తీరిక చేసుకుని టైర్ల కోసమే చెక్కినట్టుంది.

"పల్లేర్లు సారూ. గీ ఎండకాలంల గీ బాటకు మా మ్యాకలే రావు. ఎవలు జెప్పిన్రు మీకు గిట్ల పొమ్మని?"

ఆరుగురూ నా వైపు తిరిగారు. అబ్బాయి వేలు కూడా పెట్టి చూపించాడు.

మాట మార్చాలని, "దసరాకి వచ్చినప్పుడు ఇక్కడ మంచి పూలుండేవి తాతా, చిన్నవి, పసుపుపచ్చవి" అన్నాను.

తాత అరచేతిలోని కాయని ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. "గా పూలే గదా సారూ గీ ముండ్లు."

ఎవరూ ఏమీ అనలేదు. పెద్దాయన మాత్రం "ఎవరో పసుపు చల్లి స్వాగతం చెప్పినట్టు" అని నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడదీసి అన్నారు. నా రివ్యూ ఆయనకి కంఠతా వచ్చని అప్పుడే తెలిసింది.

"మా అల్లునికి ట్రాలీ ఆటో ఉన్నది. రమ్మనాల్నా?" అన్నాడు తాత. ఆ రోజు నేను విన్న తెలుగు వాక్యాలన్నిటిలో అందమైనది అదే. అల్లుడు వచ్చాడు. సైకిళ్ళని గడ్డిమోపుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి తాడేశాడు. మేం సందుల్లో ఇరుక్కున్నాం. నా పక్కటెముకల్లో ఎవరిదో పెడల్ ఉంది. నాదే అయ్యుంటుంది.

రోడ్డు పక్కన వేపచెట్టు కింద పంచర్ల షాపు. ఇంజను మీద తిరిగే పెద్ద కంప్రెసరు, నీళ్ళ టబ్బు, నల్లటి చేతులతో ఒక కుర్రాడు. ట్యూబు బయటికి తీసి, గాలి కొట్టి, నీళ్ళలో ముంచి తిప్పాడు. ఒక చిల్లు కోసం చూస్తే ట్యూబు చుట్టూ బుడగలు, చేపలు తిరుగుతున్నట్టు. టైరు లోంచి పట్టకారుతో ముళ్ళు పీకి పాత పేపరు మీద వరసగా పెట్టాడు. పక్కనే కూర్చుని అబ్బాయి లెక్క. నా రెండు టైర్లవే ముప్పై ఒకటి.

"సైకిలెంత పడ్డది సారూ?" అన్నాడు కుర్రాడు.

మా ఆవిడకి చెప్పిన ధరే చెప్పాను. ఆ ధరకే పట్టకారు కింద పెట్టేశాడు.

గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఊది, అతుకు వేసి సుత్తితో నాలుగు తట్లు. చూడముచ్చటైన పని. కానీ గాలి దగ్గర కథ అడ్డం తిరిగింది. అబ్బాయి సైకిలు వాల్వు మోటార్‌సైకిలు వాల్వు లాంటిదే. కంప్రెసరు గొట్టం పెట్టగానే రెండు నిమిషాల్లో రెండు చక్రాలూ గట్టిపడ్డాయి. నా సైకిలు వాల్వు వేరు. పెన్సిల్ కంటే సన్నం, ప్రెస్టా అంటారు.

"గీ మూతి గింత సన్నగున్నదేంది సారూ? దీనికి గాలెట్ల కొట్టాలె?"

దానికి వేలెడంత కూడా లేని ఇత్తడి ముక్క ఒకటి బిగిస్తే చాలు, ఏ షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. ఆ ముక్క నా దగ్గరుంది. ఇంట్లో, టీవీ కింద సొరుగులో, గ్యారంటీ కార్డులతో పాటు భద్రంగా ఉంది. చిత్రమేమిటంటే మాలో ఖరీదైన సైకిళ్ళన్నిటివీ సన్న మూతులే. పక్కన ఇంత కంప్రెసరు గర్జిస్తుంటే, నా జేబురుమాలంత చేతిపంపుతో వంతులవారీగా కొట్టుకున్నాం. టైరుకి సుమారు రెండు వందల దెబ్బలు. నలభై డిగ్రీల ఎండలో. కుర్రాడు మధ్యమధ్యలో వచ్చి టైరు నొక్కి, "ఇంకా కొట్టుండ్రి" అని వెళ్ళిపోయేవాడు. డాక్టరుగారు పంపు అందుకుంటూ, "మీరు ఎప్పుడైనా పన్ను పీకించుకోవడానికి రండి" అన్నారు. అది ఆహ్వానంలా లేదు.

తిరుగు ప్రయాణంలో అబ్బాయిని అడిగాను, ఎన్ని స్టార్లు వెయ్యొచ్చని. "బాటకి ఒకటి. ట్రాలీకి అయిదు" అన్నాడు.

ఇల్లు చేరి బూట్లు గుమ్మంలో విడిచాను. బూట్ల అడుగున దిగినవి అలాగే ఉన్నాయన్న సంగతి మరిచిపోయాను. మా ఆవిడ పెట్టిన కేకకి పూజగదిలోంచి అత్తగారు పరుగున వచ్చారు. కళ్ళజోడు సర్దుకుని, కింద రాలినవాటిని ఒక్కొక్కటిగా ఏరి గుప్పిట్లో వేసుకున్నారు. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"పల్లేరుకాయలే! ఎక్కడ దొరికాయి అల్లుడుగారూ? మూత్రంలో రాళ్ళకి మా అమ్మ వీటితోనే కషాయం కాచేది. ఆయుర్వేదం కొట్లో గోక్షుర చూర్ణమని ఇంత డబ్బా ఎంతకమ్ముతున్నాడో తెలుసా?" గుప్పిట తెరిచి ఇంకోసారి చూసుకుని, కొంచెం నిరాశగా అన్నారు. "ఇవి పూటకి కూడా సరిపోవు. మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నారు?"