గోడకి ఒక్క చిల్లు పెట్టుకోనివ్వని ఇంటి ఓనర్లకి

నిన్న రాత్రి కాలిఫోర్నియాలో మా ఫ్రీమాంట్‌లో భూమి ఊగింది. చిన్నదేలెండి, కానీ మా హాల్లో నిలువెత్తు టవర్ స్పీకర్ ముందుకి బోర్లా పడింది, అందులో సన్నటి శబ్దాలు పలికే ట్వీటర్ లోపలికి నొక్కుకుపోయింది. పడింది ఎక్కడనుకున్నారు, సాయంత్రాలు మా పాప బొమ్మలు పరుచుకుని కూర్చునే చోట! మేమంతా నిద్రలో ఉన్నాం కాబట్టి సరిపోయింది, లేకపోతే అంత బరువు పసిపిల్ల మీద... తలుచుకుంటేనే చేతులు వణుకుతున్నాయి.

ఇంట్లో దిగినప్పుడే ఓనర్‌ని అడిగా, స్పీకర్ల వెనక గోడకి స్ట్రాప్ బిగించుకుంటానండీ అని. కుదరదు, గోడకి చిల్లు పడితే డిపాజిట్‌లో కోస్తా అన్నాడు. భూకంపాలు పుట్టించే హేవర్డ్ ఫాల్ట్ అనే భూమి పగులు ఈ ఊరి మధ్యలోంచే పోతోంది, 1868లో అది కదిలినప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్లకి ఊళ్లే దెబ్బతిన్నాయి, అలాంటి చోట ఇల్లు అద్దెకిస్తూ స్క్రూ చిల్లు గురించి ఏడుస్తారా? ఆ చిల్లు పూడ్చడానికి కాస్త స్పాకిల్ (చిల్లులు పూడ్చే పేస్టు), ఓ చుక్క పెయింట్ చాలు. నా ట్వీటర్ ఎవరు పూడుస్తారు?

వాట్సాప్ గ్రూప్‌లో ఒకాయన అద్దెకుండేవాళ్ల సామానుకి రెంటర్స్ ఇన్సూరెన్స్ ఉందిగా అంటాడు. మామూలు పాలసీలో భూకంపం కవర్ అవ్వదు బాబూ, అది విడిగా తీసుకోవాలి, డిడక్టిబుల్, అంటే ముందు మన జేబులోంచి భరించాల్సింది, పోగా చేతికేమొస్తుందో చూసుకో. ఇంకొకాయన ఇల్లే ఊగుతుంటే స్పీకర్ల గోలేంటి అంటాడు. మీద పడి తల పగలగొట్టేది ఆ స్పీకరేనయ్యా!

పొడుగ్గా, సన్నటి అడుగుతో నిలబడే ఏ వస్తువైనా భూమి ఊగితే పడొచ్చు. స్ట్రాప్ ఉత్త షీట్‌రాక్‌కి (గోడ పైనుండే జిప్సమ్ పలక) కొడితే స్క్రూతో సహా ఊడొస్తుంది, లోపలి స్టడ్ (గోడ లోపల నిలువుగా ఉండే దుంగ) వెతికి దానికే బిగించాలి. అరలో పెట్టుకునే చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్ల కింద మ్యూజియం పుట్టీ (వస్తువు కదలకుండా అంటించే జిగురు ముద్ద) పెట్టండి, బరువైన యాంప్ (స్పీకర్లని నడిపే యాంప్లిఫయర్) కింది అరలోకి దించండి, వైర్లు కాస్త వదులుగా ఉంచండి, స్పీకర్ పడితే యాంప్‌ని కూడా లాక్కుపోకుండా.

అసలు ఈ ఓనర్లందరూ ఇంతే. ఇంతకుముందున్న అపార్ట్‌మెంట్‌లో వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ కోసం కొట్టిన ఒక్క మేకుకి గదంతా పెయింట్ వేయించామని డిపాజిట్‌లో కోశారు, ఇన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు. ఇల్లు ఖాళీ చేశాక 21 రోజుల్లో దేనికెంత కోశారో లెక్క రాసివ్వాలని కాలిఫోర్నియా చట్టమే చెప్తోంది, ఆ లెక్క కూడా ఇవ్వలేదు. అప్పుడు గొడవెందుకని ఇంట్లో అందరూ ఆపారు.

ఈసారి ఎవరూ ఆపక్కర్లేదు. స్టడ్ ఫైండర్ ఆర్డర్ పెట్టా, శనివారం రెండు స్పీకర్లకీ, టీవీకీ స్ట్రాపులు బిగిస్తున్నా. డిపాజిట్‌లో కోస్తే చిన్న మొత్తాల తగాదాలు తేల్చే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో కలుద్దాం.