పీహెచ్‌పీ పాతదైతే సైటు మూతపడుతుందా?

తిరుపతి లాడ్జీలు, ట్రావెల్స్ వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. వర్డ్‌ప్రెస్ (మన సైట్లు చాలావరకు కట్టే సాఫ్ట్‌వేర్) ఇక పాత పీహెచ్‌పీ (సర్వర్‌లో ఆ సాఫ్ట్‌వేర్‌ని నడిపే ప్రోగ్రామింగ్ భాష) మీద నడవదట, పాతది ఉన్న సైట్లు ఉన్నట్టుండి ఆగిపోతాయట. ఇదంతా హోస్టింగ్ కంపెనీల (సైటుకి సర్వర్ అద్దెకిచ్చేవాళ్ల) డబ్బు ఎత్తుగడట. అప్‌డేట్ చేసినవాళ్లకి సైటు బదులు ఖాళీ తెల్ల తెర మిగిలింది కాబట్టి అప్‌డేట్ బటన్ జోలికే పోవద్దట.

వర్డ్‌ప్రెస్ తనకి కావాల్సిన పీహెచ్‌పీ కనీస వెర్షన్ పెంచుతున్నది నిజమే. 2019 మేలో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.2, కనీసం పీహెచ్‌పీ 5.6.20 అడిగింది. 2023 ఆగస్టులో వర్డ్‌ప్రెస్ 6.3 దాన్ని పీహెచ్‌పీ 7.0కి, 2024 జులైలో వర్డ్‌ప్రెస్ 6.6 దాన్ని పీహెచ్‌పీ 7.2.24కి పెంచాయి. అంతమాత్రాన సైటు ఆగదు. అప్‌డేట్‌కి ముందే వర్డ్‌ప్రెస్ మీ సర్వర్‌లో ఏ పీహెచ్‌పీ ఉందో చూసుకుంటుంది. చాలకపోతే కొత్తది ఎక్కించదు, అంతే. గదుల బుకింగ్ ఫారం ఎప్పట్లాగే తెరుచుకుంటుంది.

డబ్బు సంగతి. పీహెచ్‌పీ ఉచితం. సీప్యానెల్ (హోస్టింగ్ సెట్టింగులు మార్చుకునే పేజీ) ఉన్న చాలా హోస్టింగుల్లో వెర్షన్ మార్చడమంటే ఒక జాబితాలోంచి ఎంచుకోవడమే. తిరగేసి చూస్తే, గడువు తీరిన పీహెచ్‌పీనే కావాలనేవాళ్ల దగ్గర అదనంగా వసూలు చేసే హోస్టింగులున్నాయి.

మరి ముట్టుకోకుండా వదిలేస్తే? పీహెచ్‌పీ 5.6కి సెక్యూరిటీ సవరణలు 2018 డిసెంబర్ 31తో, 7.4కి 2022 నవంబర్ 28తో ఆగిపోయాయి. తర్వాత బయటపడే లోపాలను పీహెచ్‌పీ వాళ్లు పూడ్చరు. యాత్రికుల ఫోన్ నంబర్లు, ఆధార్ కాపీలు తీసుకునే సైటుని అలా ఉంచడం నాకు నచ్చదు.

తెల్ల తెర మాటని మాత్రం కొట్టిపారేయలేం. పీహెచ్‌పీ 7.0లో పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లు (డేటాబేస్‌తో మాట్లాడే పాత ఆదేశాలు) తీసేశారు. 8.0లో ఈచ్ (each), క్రియేట్ ఫంక్షన్ (create_function) అనే ఆదేశాలు పోయాయి. ఎప్పుడో కొని వదిలేసిన థీములో (సైటు రూపాన్ని ఇచ్చే ఫైళ్లలో) అవి ఉంటే పేజీ అక్కడే ఆగుతుంది. ఈ సంగతి తెలిసి కూడా, సైట్లు కట్టే మనవాళ్లే కొందరు ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేస్తున్నారు. భయపెట్టడం సులువు, థీము సరిచేయడం కష్టం కదా!

వరస తెలిస్తే ఇందులో టెన్షన్ పడాల్సింది తక్కువ. ముందు ఫైళ్లు, డేటాబేస్ రెండూ బ్యాకప్ తీసి మీ కంప్యూటర్‌లో పెట్టుకోండి. వీలైతే సైటు నకలు ఒకటి వేరే చోట పెట్టి, అన్నీ మొదట దాని మీదే చేసి చూడండి. సైటు పీహెచ్‌పీ 5.6 మీద ఉంటే నేరుగా పీహెచ్‌పీ 8కి దూకకండి. దాని మీద వర్డ్‌ప్రెస్ 6.2 దాకా నడుస్తుంది, అక్కడిదాకా వెళ్లండి. ప్లగిన్లు (సైటుకి అదనపు పనులు జోడించే చిన్న సాఫ్ట్‌వేర్లు), థీము కూడా ఆ పీహెచ్‌పీ ఒప్పుకున్నంత వరకు అప్‌డేట్ చేయండి. తర్వాత పీహెచ్‌పీని 7.4కి మార్చి, వర్డ్‌ప్రెస్‌ని తాజా చేసి, ఆపైనే పీహెచ్‌పీ 8 సంగతి. ప్రతి మెట్టులో బుకింగ్ ఫారం, పేమెంట్ పేజీ మీరే నొక్కి చూసుకోండి. పీహెచ్‌పీ మార్చగానే తేడా కొడితే అదే జాబితాలో పాత వెర్షన్‌కి తిరిగి రావచ్చు. బ్రహ్మోత్సవాలప్పుడో, వైకుంఠ ఏకాదశి ముందో మాత్రం ఈ పని పెట్టుకోకండి.

ఇంకొకటి. ప్లగిన్ వల్లో థీము వల్లో సైటు కూలితే, వర్డ్‌ప్రెస్ 5.2 నుంచి అడ్మిన్ ఈమెయిల్‌కి (సైటు నడిపేవాళ్ల పేరున ఇచ్చిన ఈమెయిల్‌కి), లోపలికి వెళ్లి సరిచేసుకునే లింకు వస్తుంది. చాలా సైట్లలో ఆ ఈమెయిల్ ఎప్పుడో సైటు కట్టిచ్చి బెంగళూరు వెళ్లిపోయిన కుర్రాడిది. వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో జనరల్ తెరిచి, ముందు అది మార్చుకోండి.