రెండో మానిటర్ పెట్టాక స్లైడర్ కదలడం లేదు

వైశాఖం పెళ్లిళ్ల ఆల్బమ్‌లు నెత్తిమీద ఉన్నాయి. ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వెలుతురు పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ స్లైడర్ జరిపితే ఫొటోలో మార్పు కనపడేలోపు ఓపిక చచ్చిపోతోంది. సిస్టమ్ బిగించిన షాపు వాళ్లది ఒకటే మాట: "ర్యామ్ పెంచండి సార్." టాస్క్ మేనేజర్ తెరిచి ర్యామ్ సగం ఖాళీగా ఉందని చూపించినా వినరు! రెండో మానిటర్ కేబుల్ పీకేస్తే అదే సాఫ్ట్‌వేర్ చక్కగా నడుస్తోంది కదా, మరి అటు చూడరేం?

ఫుల్ హెచ్‌డీ తెరకి సుమారు 20 లక్షల పిక్సెళ్లు, 4కే తెరకి 83 లక్షలు. రెండు తెరల మీదా ఫొటో పెద్దగా తెరిస్తే స్లైడర్ కదిలినప్పుడల్లా రెండు చోట్లా మళ్లీ గీయాలి. పైగా షాపు వాళ్లు ఆ రెండో మానిటర్ కేబుల్‌ని, తెర మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా మదర్‌బోర్డు పోర్టుకి గుచ్చి వెళ్లారు. వేలు పోసి కార్డు కొన్నది ఎందుకు?

కేబుల్ మార్చి, రెండో తెర మీద థంబ్‌నెయిల్స్ (ఫొటోల చిన్న బొమ్మలు) మాత్రమే పెట్టాక కొంత నయం. కానీ బెజవాడ ఎండకి మధ్యాహ్నమయ్యేసరికి కార్డు వేడెక్కి తనంతట తనే వేగం తగ్గించేసుకుంటోంది. అవతల పెళ్లికూతురి నాన్నగారు "ఆల్బమ్ ఎప్పుడిస్తావు బాబూ?" అని రోజూ ఫోన్. పెద్దాయనకి ఏమని చెప్పను?