లారీ డేవిడ్ విజయం మీద తిరుగుతున్న కట్టుకథ

‘42 ఏళ్లు వచ్చేదాకా లారీ డేవిడ్ ఎందుకూ పనికిరాని కమెడియన్. ఓ రోజు ఎన్‌బీసీ వాళ్ల దగ్గరికెళ్లి దేని గురించీ కాని షో తీస్తానన్నాడు. రాత్రికి రాత్రే సైన్‌ఫెల్డ్ సూపర్ హిట్!’ అమెరికా టీవీ ఛానెల్ ఎన్‌బీసీలో వచ్చిన సైన్‌ఫెల్డ్ అనే కామెడీ సీరియల్ గురించి స్ఫూర్తి కథల్లో ఇది తెగ తిరుగుతోంది. ఇందులో వయసు మాత్రం నిజం. 1989 జూలై 5న పైలట్ (తొలి ట్రయల్ ఎపిసోడ్) ప్రసారమయ్యే నాటికి లారీకి 42 నిండి మూడు రోజులు.

పనికిరాని ఏళ్లంటున్నారు కదా, వాటినే చూద్దాం. 1980లో ఏబీసీ ఛానెల్ మొదలుపెట్టిన ‘ఫ్రైడేస్’ అనే స్కెచ్ కామెడీ (చిన్న చిన్న హాస్య నాటికల) షోకి రాశాడు, అందులో నటించాడు. తోటి నటుల్లో ఒకడు మైకేల్ రిచర్డ్స్. తర్వాత 1984-85లో అలాంటిదే ‘సాటర్డే నైట్ లైవ్’ అనే షోకి రచయిత. సీజనంతా రాస్తే ప్రసారమైంది ఒక్క స్కెచ్. ఒళ్లు మండి ఉద్యోగం వదిలేశాడు, మళ్లీ సోమవారం ఏమీ జరగనట్టే వచ్చి కూర్చున్నాడు. (మన ఆఫీసుల్లో గేటు దగ్గరే ఆపేస్తారు.) ఆ షోలోనే జూలియా లూయీ డ్రైఫస్ నటించేది. సైన్‌ఫెల్డ్‌లో రిచర్డ్స్ క్రేమర్ అయ్యాడు, జూలియా ఎలైన్ అయింది. ఆ రాజీనామా తతంగం ‘ద రివెంజ్’ ఎపిసోడ్‌లో జార్జ్ అనే పాత్ర నెత్తిన పడింది. పోయాయనుకున్న ఏళ్లే సరుకంతా ఇచ్చాయి.

ఇక ‘దేని గురించీ కాని షో’. ఎన్‌బీసీకి చెప్పింది అది కానే కాదు. ఓ కమెడియన్‌కి జోకులు ఎక్కడి నుంచి పుడతాయో చూపిస్తామన్నారు. షో హీరో జెర్రీ సైన్‌ఫెల్డే ఈ మాట చెప్పాడు. ‘ఏమీ లేదు’ అన్నది 1992లో, నాలుగో సీజన్లో జార్జ్ చేత వేయించిన జోకు. జనం దాన్ని చరిత్ర చేసేశారు.

రాత్రికి రాత్రే హిట్టా? పైలట్ టెస్ట్ ప్రేక్షకులకే ఎక్కలేదు. రిక్ లడ్విన్ అనే ఎన్‌బీసీ ఎగ్జిక్యూటివ్ తన విభాగం బడ్జెట్లోంచి డబ్బు సర్ది నాలుగు ఎపిసోడ్లు తీయించాడు. 1993లో గురువారం ‘చీర్స్’ తర్వాతి స్లాట్ దొరికాకే జనం విరగబడి చూశారు.

ఒంటిచేత్తోనూ కాదు. జెర్రీ సహ సృష్టికర్త, రచయితలు ఇంకా చాలామంది. 1996లో లారీ వెళ్లిపోయాక కూడా షో రెండు సీజన్లు నడిచింది. 1998లో చివరి ఎపిసోడ్ రాయడానికి తిరిగొచ్చాడు. ప్రధాన పాత్రలు నాలుగింటినీ కోర్టుకెక్కించి జైల్లో వేస్తే చాలామంది తిట్టిపోశారు. 2024లో తన మరో సీరియల్ ‘కర్బ్ యువర్ ఎన్తూజియాజమ్’ ముగిస్తూ మళ్లీ అదే కోర్టు, అదే జైలు పెట్టాడు. ఈసారి జెర్రీ వచ్చి విడిపించాడు.