నాకు ఫ్రెండ్స్ ఉన్నారు, వాళ్ల వయసే మీకు నచ్చట్లేదు

పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో చుట్టాలు నన్ను పట్టుకుని అడిగే ప్రశ్న ఒకటుంది. "నీ ఈడువాళ్లెవరూ లేరట్రా నీకు?" నాకు 34 ఏళ్లు. ఆటిజం, అంటే మనుషులతో కలవడం, మాటల వెనక అర్థం పట్టుకోవడం అందరికంటే వేరుగా ఉండే మెదడు తీరు, నాకుందని తెలిసింది పెద్దయ్యాకే. నాకు బాగా దగ్గరైన స్నేహితుల్లో ఒకాయనకి 71, ఇంకొకడికి 11. ఈ మాట చెప్పగానే అవతలివాళ్ల ముఖంలోకి జాలి వచ్చేస్తుంది. ఆ జాలి చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

71 ఏళ్లాయన రిటైరైన లెక్కల మాస్టారు. పంచాంగ గణితమంటే ఆయనకి పిచ్చి. నాకూ అంతే. చంద్రుడు సూర్యుణ్ణి దాటి 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి, సంక్రాంతి, అంటే సూర్యుడు రాశి మారడం, పడని చాంద్రమాసం అధికమాసం, 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది అందుకే. ఇలాంటివి గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. నేను ఉన్నట్టుండి లేచి "వెళ్తాను మాస్టారూ" అంటే "సరే నాయనా" అంటారు. ఎందుకు లేచావు, కోపమొచ్చిందా, నేనేమన్నా అన్నానా, ఇవేవీ ఉండవు. లెక్క తప్పితే తప్పని మొహం మీదే చెప్తాను. ఆయన కళ్లజోడు సర్దుకుని మళ్లీ మొదటినుంచీ వేస్తారు. ఇదే పని ఆఫీసులో నా వయసు మేనేజర్ దగ్గర చేసినందుకు నాకు టీంతో కలిసే గుణం లేదని రాశారు.

ఈడువాళ్ల మధ్య ఎప్పుడూ ఒక పోటీ నడుస్తుంటుంది. ఎవరి ప్యాకేజీ ఎంత, ఎవరు ఫ్లాట్ కొన్నారు, ఎవరు అమెరికా వెళ్లారు. ఆ పోటీకి రూల్స్ ఎవరూ చెప్పరు, పైగా మారిపోతుంటాయి. "ఓసారి ఇంటికి రా" అన్నది నిజంగా పిలుపో, ఊరికే అన్న మాటో తేల్చుకునేసరికి నాకు తల నొప్పొస్తుంది. మాస్టారికి నాతో పోటీ లేదు. 11 ఏళ్లవాడికి అసలే లేదు.

ఇక పరీక్షల సంగతి. మన దేశంలో ఆటిజం సర్టిఫికెట్‌కి వాడే ఐ.ఎస్.ఏ.ఏ. స్కేలులో 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. తోటివాళ్లతో సంబంధాలు నిలబెట్టుకోకపోవడం అందులో ఒకటి. మానసిక సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా వాళ్ల పుస్తకం డి.ఎస్.ఎమ్.-5లోనూ ఈ తోటివాళ్ల ప్రస్తావన ఉంది. ఇబ్బందిని గుర్తించడానికి అడగనివ్వండి, తప్పులేదు. కానీ పక్కింటి తాతతో ఏళ్ల తరబడి నిలిచిన స్నేహం ఏ గడిలో పడుతుంది? ఎక్కడా పడదు. ఆ గడిని చూసే టీచరు "సోషలైజ్ అవ్వడు" అని రాసిస్తుంది, అమ్మానాన్నలకి టెన్షన్ మొదలవుతుంది, పిల్లాణ్ణి తాత దగ్గర్నుంచి లాక్కొచ్చి, వాణ్ణి ఏడిపించే గ్యాంగు మధ్యే మళ్లీ కూర్చోబెడతారు.

ఆటిజం ఉన్న అమెరికా శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ పేరు ఈ విషయాలు తెలిసినవాళ్లు వినే ఉంటారు. స్కూల్లో తోటి పిల్లలు ఆవిణ్ణి "టేప్ రికార్డర్" అని వెక్కిరించేవాళ్లు. ఆవిణ్ణి నిలబెట్టింది కార్లాక్ అనే సైన్స్ మాస్టారు, ఆరిజోనాలో పశువుల రాంచ్ ఉన్న అత్త. పశువుల్ని కదలకుండా పట్టి ఉంచే యంత్రాన్ని ఆవిడ చూసింది ఆ రాంచ్‌లోనే. తన ఒంటిని అదిమిపట్టే అలాంటిదే తనకోసం తయారుచేసుకుంటే చాలామంది వింతగా చూశారు. అది మనసుని ఎందుకు శాంతపరుస్తుందో శాస్త్రీయంగా తెలుసుకోమన్నారు కార్లాక్. తర్వాత ఆవిడ పశుశాస్త్రంలో ప్రొఫెసరైంది. ఈడువాళ్ల స్నేహం కోసం కాచుక్కూర్చుంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు, తనూ ఆటిస్టికే (ఆటిజం ఉన్నవాడే), 2012లో ఒక వాదన పెట్టాడు. ఆటిజం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ మధ్య అర్థంకాకపోవడం రెండు వైపులా ఉంటుంది, ఒక్క మావైపే కాదు అని. నా అనుభవంలో పెద్దవాళ్లూ చిన్నపిల్లలూ తమ వైపునుంచి నాలుగడుగులు ముందుకొస్తారు. నా వయసువాళ్లు నేను రావాలని అక్కడే నిలబడతారు.

ఇప్పుడు 11 ఏళ్లవాడి సంగతి. కింది ఫ్లోర్ కుర్రాడు. వాడి లోకమంతా పాములే. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట కరుస్తుందనీ, నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి కరిచినట్టే తెలియకపోవచ్చనీ నాకు చెప్పింది వాడే. మధ్యలో ఆపకుండా వినే పెద్దమనిషి వాడికి నేనొక్కణ్ణే. దీనిమీద అపార్ట్‌మెంట్‌లో గుసగుసలొచ్చాయి. పెళ్లికాని మగవాడికి పిల్లాడితో పనేంటని. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. పిల్లల విషయంలో జాగ్రత్త ఉండాల్సిందే. పైగా స్నేహం నటించేవాణ్ణి పసిగట్టడం మాలో చాలామందికి కష్టం, ఆటిజం ఉన్న పిల్లలకైతే మరీను. అందుకే మా కబుర్లన్నీ వాళ్ల హాల్లోనే, వాళ్లమ్మ వంటింట్లోంచి వింటుండగా. రహస్యాలుండవు, ఆవిడకి తెలియని మెసేజులుండవు. అలా కాపు కాయండి, సంతోషం. కాపు కాయడం వేరు, చిన్నాడితో మాట్లాడేవాణ్ణి ఎదగనివాడిగా చూడటం వేరు.

ఈ స్నేహాల్లో కష్టమూ ఉంది. ఒకరు ముందు వెళ్లిపోతారు, ఇంకొకరు పెద్దవాళ్లయి ఇంకేదో లోకంలో పడిపోతారు. నాకు తెలుసు. నా ఈడువాళ్లు మాత్రం కలకాలం ఉంటామని రాసిచ్చారా ఏం? ఈడు స్నేహితులు కావాలనుకునే ఆటిస్టిక్ పిల్లలూ ఉన్నారు, వాళ్లకి దారి చూపించండి. దొరికిన స్నేహాన్ని మాత్రం తీసేయకండి.

ఈసారి మీవాడి బర్త్‌డేకి క్లాసులో ముప్పైమందిని పిలిచి, వాడు బెడ్రూంలో తలుపేసుకున్నాడని బాధపడకండి. వాడు రోజూ గేటు దగ్గర నిలబడి కబుర్లు చెప్పే వాచ్‌మన్ తాతని పిలవండి. పక్కనే కుర్చీ వేయండి. మొదటి కేకు ముక్క ఆయనకి ఇస్తానంటే ఇవ్వనివ్వండి.